తడి పని ఎటు పోయింది? స్టాక్‌పోర్ట్ నుంచి లండన్ దాకా టోపీల వెంట

మొదటి రోజు: స్టాక్‌పోర్ట్

మాంచెస్టర్ నుంచి స్టాక్‌పోర్ట్‌కి రైల్లో పది నిమిషాలు. ఊరు వచ్చేస్తుందనగా బండి ఒక పెద్ద ఇటుకల వంతెన ఎక్కుతుంది. 27 కమానులు, కోటీ పది లక్షల ఇటుకలు. 1840లో పూర్తయింది. తమాషా ఏంటంటే, రైల్లో కూర్చున్నవాళ్ళకి ఆ వంతెన కనబడదు. కింద మెర్సీ నది, రాతి పలకల కప్పులు, వాటి మధ్య ఒక పొడవాటి ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడతాయి. ఆ గొట్టమే మనకి గుర్తు. దాని కింద ఉన్నది వెల్లింగ్టన్ మిల్లు. 1830 ప్రాంతంలో పత్తి మిల్లుగా కట్టారు, తర్వాత టోపీల ఫ్యాక్టరీ అయింది, 2000 నుంచి 'హ్యాట్ వర్క్స్' అనే మ్యూజియంగా ఉంది.

ఇంగ్లండ్ వచ్చినవాళ్ళు బకింగ్‌హామ్ ప్యాలెస్ చూస్తారు, లేక్ డిస్ట్రిక్ట్ చూస్తారు. నాకు టోపీల మీద మనసు ఎందుకు పోయిందంటే, మాది పుట్టపాక. మా తాత తేలియా రుమాళ్ళు నేసేవాడు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో నూలుని రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరేసి, మళ్ళీ నానబెట్టి నేసే చదరపు గుడ్డలవి. అరబ్ దేశాల్లో తలకి చుట్టుకునేవాళ్ళు. ఎండలో చల్లగా ఉంటుందని, దుమ్ము అంటదని పేరు. తల మీదికెళ్ళే సరుకు తయారయ్యే ఇంట్లో నూనె వాసన ఎట్లా ఉంటుందో, నానిన చేతులు ఎట్లా ఉంటాయో చిన్నప్పుడే చూసినదాన్ని. అందుకే ఏ వస్తువు చూసినా ముందు దాని తడి పని ఎవరు చేశారా అని వెతుక్కుంటాను.

నాతో వచ్చింది మా మరదలు. మ్యూజియం అంటే అద్దాల బీరువాలు, ఈకల టోపీలు, సెల్ఫీలు అనుకుని తయారై వచ్చింది. అవీ ఉన్నాయి, వందల్లో. కానీ కింది అంతస్తుకి దిగాక ఆమె ముఖం మారింది. "ఇదేంది వదినె, ఇది కార్ఖానా లెక్కుంది!" అంది. కార్ఖానానే మరి. బెల్టులతో తిరిగే పాత ఇనుప యంత్రాలు వరసగా నిలబెట్టారు, గైడు వాటిలో కొన్నింటిని నడిపించి చూపిస్తాడు. టోపీ పుట్టుక అంతా అక్కడే అర్థమవుతుంది.

మొదట బొచ్చు. గొర్రె ఉన్నితోనూ టోపీలు చేస్తారు గానీ, మంచి సరుకుకి కుందేలు బొచ్చు కావాలి. అంతకుముందు రాజ్యమేలింది బీవర్ బొచ్చు. బీవర్ అంటే వాగుల్లో కట్టెలతో ఆనకట్టలు కట్టుకునే జంతువు. యూరప్‌లో వాటిని దాదాపు లేకుండా వేటాడేశాక, వ్యాపారులు కెనడా అడవుల మీద పడ్డారు. 1670లో రాజుగారి చార్టర్‌తో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ చాలాకాలం ఈ చర్మాల మీదే బతికింది. అక్కడి ఆదివాసులు ఒకటి రెండు చలికాలాలు ఒంటికి కప్పుకుని వాడేసిన చర్మాలకే ఎక్కువ గిరాకీ ఉండేదట. చెమటకి, రాపిడికి పైనున్న ముతక వెంట్రుకలు రాలిపోయి, అడుగునున్న మెత్తటి బొచ్చు జిడ్డుపట్టి సిద్ధంగా ఉండేది. కొత్తదానికన్నా వాడేసినదానికి ఎక్కువ ధర పలికిన వ్యాపారం నేను ఇదొక్కటే విన్నాను.

బొచ్చుని విడదీయడానికి పాతకాలంలో వాడిన పనిముట్టు చూసి నేను అక్కడే ఆగిపోయాను. మనిషి కన్నా పొడుగున్న కర్రకి నరం తీగ బిగించి, దాన్ని బొచ్చు మీద పెట్టి టంగుమని మీటేవాళ్ళు. బొచ్చు ఎగిరి, పొరలా పరుచుకునేది. మా ఊళ్ళోకి దూదేకులవాళ్ళు భుజాన వేసుకొచ్చే విల్లు అచ్చు ఇదే! చలికాలం ముందు వీధిలో ఆ టంగ్ టంగ్ వినబడితే పాత పరుపులు బయటికొచ్చేవి. తర్వాత ఇక్కడ యంత్రం వచ్చింది. చిల్లులున్న రాగి శంకువు గుండ్రంగా తిరుగుతుంటుంది, లోపలినుంచి గాలి లాగుతుంటుంది, బొచ్చు ఎగిరొచ్చి దానికి అతుక్కుంటుంది, పైన వేడినీళ్ళు చల్లి పొరని ఊడదీస్తారు. అప్పుడది తలకి రెండు మూడింతలు పెద్దదిగా, ముట్టుకుంటే చిరిగిపోయేటట్టు ఉంటుంది.

దాన్ని టోపీ చేసేది తడి పనే. మరిగే నీళ్ళలో కొంచెం గంధకామ్లం కలిపిన పెద్ద తొట్టి, దాని చుట్టూ వాలుగా చెక్కబల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక మనిషి ఆ శంకువుని ముంచడం, చుట్టడం, బల్ల మీద కర్రతో దొర్లించడం, విప్పి ఇంకోవైపు మడిచి మళ్ళీ ముంచడం. వేడికి, రాపిడికి వెంట్రుకల మీదున్న సన్నని పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని జడలు కట్టుకుపోతాయి. గుడ్డ కుంచించుకుంటూ, మందమవుతూ పోతుంది. దీన్నే ఫెల్ట్ అంటారు. దారం లేదు, మగ్గం లేదు, కుట్టు లేదు. అయినా ఎటు లాగినా చిరగదు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చెప్తున్నా, పడుగూ పేకా లేని గుడ్డని అంత దగ్గరగా చూడటం కొంచెం అసూయగానే అనిపించింది.

ఇందులో విషం ఎక్కడుందంటే, తడి కన్నా ముందే ఉంది. కుందేలు బొచ్చు తనంతట తాను సరిగ్గా జడ కట్టదు. అందుకని చర్మం మీద ఉండగానే పాదరసాన్ని నత్రికామ్లంలో కరిగించి ఆ ద్రావణం రాసేవాళ్ళు. బొచ్చు కొనలు నారింజ రంగుకి తిరిగేవి. ఆ తర్వాత వేడి తగిలిన ప్రతిచోటా, ఆరబెట్టే గదిలో, తొట్టి దగ్గర, ఇస్త్రీ దగ్గర, ఆ పాదరసం ఆవిరై గాల్లో కలిసేది. ముందు వేళ్ళు వణుకుతాయి, తర్వాత రాత వంకరపోతుంది, చిగుళ్ళు వాచి పళ్ళు కదులుతాయి. మనిషి ఉత్తినే సిగ్గుపడతాడు, ఉత్తినే మండిపడతాడు. అమెరికాలో డాన్‌బరీ అనే టోపీల ఊరి పేరు మీదే ఆ వణుకుని పిలిచేవాళ్ళు. అక్కడ పాదరసం వాడకం ఆపింది 1941 డిసెంబర్‌లో. ఆ వాడకం అప్పటికి రెండు వందల ఏళ్ళ నాటిది. ఇంగ్లిష్‌వాళ్ళు పిచ్చిని టోపీలవాళ్ళతో ముడిపెట్టే సామెత దీనివల్లే పుట్టిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. సామెత సంగతి వాళ్ళు చూసుకుంటారు, వణుకు మాత్రం నిజం.

మరదలు గైడుని ఒక మంచి ప్రశ్న అడిగింది. "టోపీ ఇంత గట్టిగా ఎట్లా నిలబడుతుంది?" అని. జవాబు: లక్క. అదీ మన దేశపు లక్క. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో కుసుమ, పలాశ చెట్లకి పట్టే పురుగు చేసే గుగ్గిలం ఓడల్లో ఇక్కడికొచ్చి, కరిగి, బౌలర్ అనే పొట్టి గట్టి టోపీని పెంకులా గట్టిపరిచేది. గాజులకి, బొమ్మలకి వాడే లక్క లండన్ గుమాస్తా నెత్తికెక్కిందన్నమాట. మన దగ్గర ఎండలో తిరిగిన దొరల టోపీ మాత్రం ఫెల్ట్ కాదు, జీలుగు బెండుతో చేసింది. నీటిమడుగుల్లో పెరిగే మొక్క, దూదిలా తేలిక. సోలా టోపీ అంటే అదే.

రెండో రోజు: హిల్‌గేట్, డెంటన్

పొద్దున్నుంచీ ముసురు. మాంచెస్టర్ చుట్టుపక్కల వాన గురించి ఫిర్యాదు చేయడం దండగ. ఈ నీళ్ళ వల్లే ఇక్కడికి పత్తి వచ్చింది, టోపీ వచ్చింది.

స్టాక్‌పోర్ట్‌లో హిల్‌గేట్ అనే ఏటవాలు వీధి ఉంది. క్రిస్టీస్ అనే పేరు ఇక్కడ వినకుండా ఉండలేం. 1773లో లండన్‌లో మొదలైన కంపెనీ. 1826లో స్టాక్‌పోర్ట్‌లోని ఒక టోపీల వ్యాపారాన్ని కొనుక్కుని ఇక్కడికి దిగింది. లండన్‌లో వాళ్ళకి బెర్మండ్సీలో పెద్ద ఫ్యాక్టరీ ఉండగా ఇక్కడికెందుకు? లండన్ పనివాళ్ళకి సంఘాలు గట్టివి, కూలి ఎక్కువ. ఇక్కడి పల్లెల్లో నేత పనికి, టోపీ పనికి అలవాటైన చేతులు చవగ్గా దొరికేవి. బొచ్చు తడిపి, ఉడికించి, శంకువు చేసేదాకా ఉత్తరాన. దానికి తళుకు తెచ్చి, రిబ్బను కట్టి, పెట్టెలో పెట్టి అమ్మేది దక్షిణాన. మ్యూజియంలో లెక్కలు చూసేటప్పుడు నాకు ఇది అంతగా పట్టలేదు గానీ, ఆ వీధి ఎక్కుతుంటే బాగా బోధపడింది. మురికి నీళ్ళు పారే సగం ఎప్పుడూ ఇంకోళ్ళ ఊరికి పోతుంది.

1884 నాటికి స్టాక్‌పోర్ట్ ఏడాదికి 60 లక్షల టోపీలకు పైగా ఎగుమతి చేసేది. అక్కడినుంచి కిందికి దిగడం కూడా ఒక చరిత్రే. రెండో యుద్ధం తర్వాత మగవాళ్ళు టోపీ పెట్టుకోవడం మానేశారు. కార్ల కప్పులు కిందికి దిగాయి, జుట్టు స్టైళ్ళు పైకి లేచాయి. 1966లో మిగిలిన పెద్ద కంపెనీలు కలిసి ఒక్కటయ్యాయి. 1997లో స్టాక్‌పోర్ట్‌లో ఆఖరి టోపీ పని కూడా ఆగిపోయింది. క్రిస్టీస్ పేరు ఇంకా ఉంది, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి విట్నీ నుంచి నడుస్తోంది.

అక్కడినుంచి ఇంకో టోపీల ఊరు డెంటన్‌కి బస్సులో వెళ్ళాం. రైలు స్టేషన్ ఉంది గానీ, ఆ లైన్లో బండి వచ్చేది వారానికి ఒక్కరోజు, శనివారం పొద్దున! లైను మూసేయడానికి చట్టప్రకారం పెద్ద తతంగం ఉంటుంది కాబట్టి, ఆ పని పెట్టుకోకుండా ఒక బండి తిప్పుతారట. మన దగ్గరే అనుకున్నాను ఇట్లాంటివి.

డెంటన్‌లో చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కానీ ఫెల్ట్ టోపీ పనివాళ్ళ యూనియన్ 1872లో పుట్టింది, దాని ఆఫీసు ఈ ఊళ్ళోనే ఉండేది. న్యాయమైన కూలి ఇచ్చే కార్ఖానాల టోపీల లోపల యూనియన్ చీటీ అంటించేవాళ్ళు. ఇంకో సంగతి కూడా ఇక్కడిదే. లక్కని స్పిరిట్‌లో కరిగించి టోపీలకి పట్టించి, వేడి గదుల్లో ఆరబెట్టేవాళ్ళు. ఆ గదులెంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. 1901 జనవరిలో ఈ ఊరి టోపీల ఫ్యాక్టరీ ఒకదాంట్లో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వీధిలో కాసేపు నిలబడ్డాం. మామూలు ఇళ్ళు, ఆగి ఉన్న కార్లు. మరదలు మాట్లాడకుండా గొడుగు ఇటు జరిపింది.

మూడో రోజు: దారిలో

మా తర్వాతి మజిలీ లూటన్, అదీ టోపీల ఊరే. స్టాక్‌పోర్ట్ నుంచి అక్కడికి లండన్ మీదుగా పోవచ్చు. మేం కొండల దారిన వెళ్ళాం. షెఫీల్డ్ దాకా హోప్ వ్యాలీ అనే లైను, పచ్చిక కొండలు, రాతిగోడలు, గొర్రెలు. తర్వాత లెస్టర్, కెటరింగ్‌లలో బళ్ళు మారడం. ఒక బండి చెప్పకుండా క్యాన్సిల్ అయితే ప్లాట్‌ఫాం మీదే పులిహోర డబ్బా విప్పాం.

దారి పొడుగునా నా బుర్రలో తిరిగింది ఒక్కటే. స్టాక్‌పోర్ట్ ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు 'హ్యాటర్స్'. లూటన్ జట్టు ముద్దుపేరూ 'హ్యాటర్స్'. టోపీలవాళ్ళు అని ఇద్దరూ గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఈ రెండు ఊళ్ళ టోపీలకి పోలికే లేదు. అక్కడ బొచ్చు, ఇక్కడ గడ్డి. అక్కడ యంత్రం చుట్టూ ఎక్కువగా మగవాళ్ళు, ఇక్కడ అంతా ఆడవాళ్ళు.

రాత్రి లూటన్‌లో బరీ పార్క్ అనే చోట తిన్నాం. పాకిస్తానీ, బంగ్లాదేశీ దుకాణాల వీధి. బిర్యానీ బాగుంది. హైదరాబాద్ బిర్యానీతో పోల్చొద్దని మరదలు ముందే ఒట్టు పెట్టించుకుంది.

నాలుగో రోజు: లూటన్

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి. ఎందుకంటే ఇక్కడ నాకు బాగా తెలిసిన కథ కనబడింది.

వార్డౌన్ పార్కులో పాత బంగళా ఒకటి ఊరి మ్యూజియంగా ఉంది. అక్కడ గాజు పెట్టెలో బొటనవేలంత పనిముట్టు చూశాను. చిన్న పిడి, దాని చివర చక్రపు ఆకుల్లా అమర్చిన బ్లేడ్లు. గోధుమ గడ్డి పుల్లని దాని మీద గుచ్చి తోస్తే ఒక్క తోపుకి నాలుగో, ఆరో, తొమ్మిదో సన్న చీలికలవుతుంది. పుల్ల ఎంత సన్నగా చీలితే జడ అంత నాజూకు, ధర అంత ఎక్కువ. 19వ శతాబ్దం మొదట్లో ఈ పనిముట్టు వచ్చి ఈ ప్రాంతపు ఆడవాళ్ళ రాబడిని పెంచేసింది.

బెడ్‌ఫర్డ్‌షైర్, హెర్ట్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో సున్నపురాయి నేల. అక్కడ పండే గోధుమ గడ్డి టోపీకి బాగా పనికొస్తుంది. 17వ శతాబ్దం నుంచే గడ్డి జడలు అల్లి టోపీలు చేసేవాళ్ళు. మేలైన గడ్డి టోపీలు ఇటలీ నుంచి దిగేవి. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఆ దిగుమతి తెగిపోయింది. అప్పుడు ఇక్కడి సరుకుకి రెక్కలొచ్చాయి. వింతేంటంటే, నార్మన్ క్రాస్ అనే చోట బందీలుగా ఉన్న ఫ్రెంచి సైనికులు కూడా జైల్లో కూర్చుని గడ్డి జడలల్లి దొంగతనంగా బయటికి అమ్ముకునేవాళ్ళు. ఖైదీలు తక్కువకి అమ్మితే పల్లె ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టని ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అయినా ఆగలేదు.

అల్లికకి చేతులు చాలు, కళ్ళు అక్కర్లేదు. నడుస్తూ, కబుర్లాడుతూ, ఊయల ఊపుతూ అల్లేవాళ్ళు. గడ్డి ఆరిపోతే విరుగుతుంది, అందుకని చీలికల్ని నోట్లో పెట్టుకుని తడిపేవాళ్ళు. ఇక్కడా తడి పనే, కాకపోతే తొట్టి బదులు నోరు. పెదాలు కోసుకుపోయేవి, నోటి మూలలు పగిలేవి. కొలత 'స్కోరు' లెక్కన, అంటే 20 గజాలు. సంతరోజు వ్యాపారి వచ్చి కొలుచుకునేవాడు. ఇది చదువుతుంటే మా నానమ్మ గుర్తొచ్చింది. సావుకారు రుమాళ్ళు మడత విప్పి చూసి, ఏదో ఒక వంక పెట్టి రూపాయి తగ్గించేవాడట.

ఇంక పిల్లలు. 'ప్లెయిట్ స్కూలు' అనేవాళ్ళు, పేరుకే బడి. ఒక ఇంటి ముందుగదిలో ముప్పై నలభైమంది చిన్నపిల్లలు, నాలుగేళ్ళవాళ్ళు కూడా. ఒక పంతులమ్మ. ఆమె పని చదువు చెప్పడం కాదు, రోజుకి ఇన్ని గజాలు అని పెట్టిన లెక్క పూర్తయ్యేలా చూడటం. మధ్యలో బైబిల్లోంచి రెండు వాక్యాలు చదివించేవాళ్ళు. గదిలో గాలి ఆడేది కాదు. చలికాలంలో పొయ్యి వెలిగిస్తే స్థలం పోతుందని మట్టికుండల్లో నిప్పులు పోసి కాళ్ళ దగ్గర పెట్టుకునేవాళ్ళు. 1867 చట్టం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలతో ఇట్లాంటి పని చేయించకూడదంది. చట్టం వచ్చింది గానీ, ఇంటి ముందుగదిలోకి ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు గడ్డి గౌను కిందికి పోయేది.

ఆ తర్వాత ఏమైందో అంకెల్లోనే ఉంది. 1871 జనాభా లెక్కల్లో ఒక్క బెడ్‌ఫర్డ్‌షైర్‌లోనే 20 వేల పైచిలుకు అల్లికవాళ్ళు. 1901 నాటికి ఐదు వందలైనా లేరు. 1870ల నుంచి చైనా జడలు, తర్వాత జపాన్ జడలు ఓడల్లో దిగాయి. సముద్రం దాటొచ్చినా ఇక్కడివాటికన్నా చవక. ముప్పై ఏళ్ళలో ఇంటింటి పని మాయం. నోట్లో గడ్డి తడిపే పని చైనా పల్లెలకి పోయింది, అంతే. లూటన్ టోపీలు మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగాయి! ఎందుకంటే లూటన్ అప్పటికే అల్లే ఊరు కాదు, కుట్టే ఊరు. 1869లో జడల అమ్మకానికి పెద్ద హాళ్ళు కట్టుకుంది. కుట్టు పైకి కనబడకుండా కుట్టే '17 గినీల మిషన్' వచ్చింది, దాని ధర మీదే పేరు. టోపీలు ఎక్కువగా సొంత ఇంటి వెనక షెడ్లలో తయారయ్యేవి. కింద కుటుంబం, వెనక గడ్డి, బంక, ఆవిరి.

సీజను డిసెంబర్ నుంచి మే దాకా. ఆ నెలల్లో చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలు ఊళ్ళోకి దిగి గదులు అద్దెకి తీసుకుని, రాత్రింబవళ్ళు కుట్టి చేతినిండా సంపాదించేవాళ్ళు. మిగతా ఇంగ్లండ్‌కి ఇది కొంచెం మింగుడుపడలేదు. లూటన్ మగవాళ్ళు పెళ్ళాల సంపాదన తింటారని ఎగతాళి చేసేవాళ్ళు. "తింటే తప్పేంది?" అంది మరదలు. ఆమె జీతం మా తమ్ముడి జీతం కన్నా ఎక్కువ. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మధ్యాహ్నం స్టేషన్ దగ్గరి ప్లెయిటర్స్ లీ అనే పాత పేట తిరిగాం. గిల్డ్‌ఫర్డ్ స్ట్రీట్, బ్యూట్ స్ట్రీట్. ఎర్ర ఇటుక కట్టడాలు, పైఅంతస్తుల్లో పెద్ద పెద్ద కిటికీలు. వెలుతురు పడితేనే కుట్టు సాగుతుంది మరి. ఒక ఫ్యాక్టరీ ఇప్పుడు నాటకాలు వేసే చోటయింది, ఇంకొన్ని స్టూడియోలు. జడల హాలు ఉన్న చోటు షాపింగ్ సెంటర్ కింద పోయింది. ఆడవాళ్ళకే పని ఉంది, మగవాళ్ళకి లేదని ఊరి పెద్దలు కొత్త పరిశ్రమల్ని పిలిస్తే 1905లో వాక్స్‌హాల్ కార్ల కంపెనీ వచ్చింది. దాని వ్యాన్ల ఫ్యాక్టరీ కూడా 2025లో మూతపడింది. టోపీలు మాత్రం ఊళ్ళో ఇంకా కొద్దికొద్దిగా తయారవుతూనే ఉన్నాయి. వాల్టర్ రైట్ అనే సంస్థ 1889 నుంచి ఉంది. పెళ్ళిళ్ళకి, యాస్కాట్ గుర్రప్పందాలకి పెట్టుకునే రకాలు. కార్లని పిలిచిన ఊళ్ళో కార్లు పోయి టోపీలు మిగలడం చూస్తే, ఆ పెద్దలు ఏమనుకునేవాళ్ళో!

చివరి రోజు: లండన్

సెయింట్ జేమ్స్ స్ట్రీట్, 6వ నంబరు. లాక్ అండ్ కో. 1676 నుంచి టోపీలమ్ముతున్న సంస్థ, ఈ కొట్లో 1765 నుంచి. నల్లటి చిన్న ముందుభాగం, లోపల ఇరుకు, తెల్ల పెట్టెలు. నెల్సన్ అనే నావికాదళ సేనాని ఇక్కడే టోపీలు చేయించుకునేవాడు. చూపు పోయిన కంటి కోసం టోపీకి ఒక పచ్చటి నీడరేకు కుట్టించుకున్నాడు.

బౌలర్ టోపీ పుట్టింది కూడా ఇక్కడే. 1849లో కోక్ అనే జమీందారీ కుటుంబపు మనిషి వచ్చి, మా ఎస్టేట్ కావలివాళ్ళు పొడుగు టోపీలు పెట్టుకుని గుర్రమెక్కితే కొమ్మలు తగిలి పడిపోతున్నాయి, పొట్టిగా గట్టిగా ఒకటి చేయమన్నాడు. సదక్‌లో బౌలర్ అనే ఇంటిపేరుగల అన్నదమ్ములు చేసిచ్చారు. ఆయన డిసెంబర్‌లో వచ్చి, టోపీని నేల మీద పెట్టి రెండుసార్లు కాలితో తొక్కి చూశాడు. అణగలేదు. 12 షిల్లింగులిచ్చి తీసుకెళ్ళాడు. కావలివాడి టోపీ యాభై ఏళ్ళలో బ్యాంకు గుమాస్తా నెత్తికెక్కింది. అట్లాంటి టోపీలు లక్షల్లో ఉడికింది మాత్రం స్టాక్‌పోర్ట్, డెంటన్ తొట్లలోనే.

ఈ కొట్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది తలకొలత యంత్రం. 'కన్ఫార్మేటర్' అంటారు. 1840లలో పారిస్‌లో పుట్టింది. చెక్క పలకలతో చేసిన పొడుగు టోపీలా ఉంటుంది. నెత్తిన పెడితే పలకలు తల ఆకారానికి జరుగుతాయి, పైనున్న సూదులు చిన్న కాగితం మీద ఆ ఆకారాన్ని కుదించి గుచ్చుతాయి. ఎవరి తలా గుండ్రంగా ఉండదు. ఒకటి కోడిగుడ్డు, ఒకటి బంగాళాదుంప. దర్జీ దగ్గర రవిక కొలతలున్నట్టు, పెద్ద పెద్దవాళ్ళ తలకాయల చీటీలన్నీ దాచి పెట్టారు.

బయటికొచ్చి బెర్మండ్సీ స్ట్రీట్‌కి నడిచాం. థేమ్స్ దాటాలి. 19వ శతాబ్దం మధ్యలో ప్రపంచంలోకెల్లా పెద్ద టోపీల ఫ్యాక్టరీ క్రిస్టీస్‌ది ఈ వీధిలోనే. పక్కనే తోళ్ళ మార్కెట్, ఆ కంపు సంగతి అప్పటివాళ్ళు తెగ రాశారు. ఇప్పుడు అక్కడ కాఫీ వాసన. టోపీల మీద ఇంగ్లండ్ పన్ను కూడా వేసింది, 1784 నుంచి 1811 దాకా. పన్ను కట్టినట్టు లోపలి లైనింగు మీద ముద్ర ఉండాలి. దొంగ ముద్ర వేస్తే ఉరిశిక్ష. 1798లో ఒకణ్ణి నిజంగానే ఉరితీశారు. జీఎస్టీ గురించి ఏడ్చేవాళ్ళు ఒకసారి ఈ కథ వినాలి.

మరి ఇప్పుడు ఈ లండన్ కిటికీల్లో కనబడే ఫెల్ట్ ఎక్కడ ఉడుకుతోంది? ఐరోపాలో పెద్ద ఫ్యాక్టరీలున్న చోట్లలో రెండు చెప్తాను. ఒకటి చెక్ దేశంలోని నోవీ యిచీన్, 1799 నుంచి టోపీలు చేస్తున్న ఊరు. ఇంకోటి పోర్చుగల్‌లో, పోర్టోకి దక్షిణాన ఉన్న సావ్ జువావ్ ద మదైరా. అక్కడ పాత ఫ్యాక్టరీలో టోపీల మ్యూజియం కూడా ఉంది, దానికి తోడు ఇప్పటికీ కుందేలు బొచ్చు శంకువులు తీసే కార్ఖానా నడుస్తోంది. బెర్మండ్సీ నుంచి స్టాక్‌పోర్ట్‌కి పోయిన తొట్టి, అక్కడినుంచి సముద్రం దాటి పోయిందన్నమాట.

"పోర్టోకి మాంచెస్టర్ నుంచి చవక ఫ్లైట్లు ఉన్నయి వదినె, రెండు గంటల్ల పోతం" అని మరదలు అప్పుడే ఫోన్లో చూడటం మొదలుపెట్టింది. సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "అక్కా, నీది యూకే వీసా. పోర్చుగల్‌కి షెంజెన్ కావాలె. నువ్వు హైదరాబాద్ పోయినంక అప్లై చెయ్యాలె." ఫారం చూశాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు, హోటల్ బుకింగు, ప్రయాణానికి కారణం. ఆ కారణాల గడుల్లో టూరిజం ఉంది, వ్యాపారం ఉంది, చదువు ఉంది. కుందేలు బొచ్చు ఉడకబెట్టేది చూడటానికి అనే గడి లేదు కాబట్టి టూరిజం దగ్గరే టిక్కు పెట్టాలి.